బయోఇన్ఫర్మాటిక్స్‌కు కావాలి మార్గదర్శులు

జీవశాస్త్రం, గణాంకశాస్త్రం, కంప్యూటర్ సైన్సు కలిసి పనిచేసే రంగం బయోఇన్ఫర్మాటిక్స్. మనిషి జీనోమ్‌లో సుమారు 300 కోట్ల అక్షరాలు ఉంటాయి. వాటిని మొదటిసారి చదవడానికి 1990లో మొదలైన ప్రాజెక్టు 2003 దాకా సాగింది. ఇప్పటి యంత్రాలు ఆ పని రోజుల్లోనే చేస్తున్నాయి. డేటా వేగం పెరిగినంతగా దానికి అర్థం చెప్పగల మనుషులు పెరగలేదు.

ఈ రంగంలోకి వచ్చే యువత ప్రధానంగా రెండు వైపుల నుంచి వస్తుంది. జీవశాస్త్రం చదివినవారికి కోడ్ రాయడం కొత్త. కంప్యూటర్ సైన్సు చదివినవారికి ల్యాబ్‌లో నమూనా ఎలా తీశారో, ఎక్కడ పాడై ఉండవచ్చో తెలియదు. ఎవరు వచ్చినా సగం విద్య మొదటి నుంచి నేర్చుకోవలసిందే.

పరికరాలకు కొరత లేదు. బ్లాస్ట్, గెలాక్సీ, బయోకండక్టర్ వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితం. ఆర్, పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలను ఇంట్లో కూర్చుని నేర్చుకోవచ్చు. వివేచన మాత్రం అలా అబ్బదు. రోగుల నమూనాలను ఒక రోజు, ఆరోగ్యవంతుల నమూనాలను మరో రోజు ప్రాసెస్ చేశారనుకుందాం. అప్పుడు కనిపించే తేడా రోగానిదో, రోజుదో చెప్పడం కష్టం. ప్రోగ్రాం ఏ హెచ్చరికా ఇవ్వకుండా ఫలితం చూపిస్తుంది. అనుభవమున్న గైడ్ మాత్రం గ్రాఫు చూడకముందే నమూనాలు ఏ రోజు ప్రాసెస్ చేశారని అడుగుతారు.

చిన్న అలవాట్ల విషయంలోనూ ఇంతే. ‘మార్చ్1’, ‘సెప్ట్2’ వంటి జన్యువుల పేర్లను ఎక్సెల్ తనంతట తానే తేదీలుగా మార్చేస్తుంది. ఎక్సెల్ ఫైళ్లలో జన్యువుల జాబితాలు జతచేసిన పరిశోధన పత్రాల్లో దాదాపు అయిదో వంతులో ఇలాంటి తప్పులున్నాయని 2016లో ఒక అధ్యయనం తేల్చింది. చివరికి 2020లో నామకరణ సంఘం ఆ జన్యువుల పేర్లనే మార్చవలసి వచ్చింది.

మార్గదర్శకత్వం దెబ్బతింటే నష్టం ఎంత దూరం పోతుందో అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం ఉదంతం చెబుతుంది. ఏ క్యాన్సర్ రోగికి ఏ మందు పనిచేస్తుందో జన్యువుల తీరును బట్టి చెప్పగలమని 2006లో అక్కడి బృందం ప్రకటించింది. ఆ డేటాను తిరిగి లెక్కించిన గణాంక శాస్త్రవేత్తలు కీత్ బాగర్లీ, కెవిన్ కూంబ్స్ జన్యువుల జాబితా ఒక వరుస పక్కకు జరిగిపోయినట్లు కనుగొన్నారు. అదే ల్యాబ్‌లోని ఒక వైద్య విద్యార్థి 2008లోనే తన సందేహాలను రాతపూర్వకంగా ఇచ్చినా పెద్దలు పట్టించుకోలేదు. ఈలోగా ఆ పద్ధతి ఆధారంగా రోగులపై పరీక్షలు జరిగాయి. వాటిని 2010లో ఆపేశారు. డేటా తప్పుడుదని 2015లో అధికారికంగా నిర్ధారణ అయింది. శిష్యుడి సందేహాన్ని చెవిన పెట్టడం గైడ్ మొదటి బాధ్యత.

మంచి మార్గదర్శకత్వాన్ని పెద్ద సంఖ్యలో అందించడం సాధ్యమేనని ఆఫ్రికా నిరూపించింది. అక్కడి బయోఇన్ఫర్మాటిక్స్ నెట్‌వర్క్ హెచ్3ఏబయోనెట్ 2016లో ప్రాథమిక కోర్సు ప్రారంభించింది. 10 దేశాల్లోని 20 సంస్థల నుంచి 364 మంది చేరారు. ఇంటర్నెట్ నెమ్మదిగా ఉండే చోట్లకు పాఠాలను ముందే రికార్డు చేసి పంపారు. ప్రతి సంస్థలో ఒక తరగతి గది, అందులో సందేహాలు తీర్చే స్థానిక సహాయకులు ఉండేవారు. ఆపైన పాఠం చెప్పిన నిపుణులతో ప్రత్యక్ష చర్చ జరిగేది. పాఠం దూరం నుంచి వచ్చినా, పక్కన నిలబడి తప్పు దిద్దే మనిషి ఆ గదిలోనే ఉన్నారు.

భారతదేశానికి ఈ రంగంలో పాత పునాదే ఉంది. ప్రోటీన్ల నిర్మాణాన్ని పరీక్షించడానికి నేటికీ ప్రపంచమంతా వాడే రామచంద్రన్ ప్లాట్ 1963లో మద్రాసులో పుట్టింది. బయోటెక్నాలజీ శాఖ 1980ల్లోనే జాతీయ సమాచార నెట్‌వర్క్ ఏర్పాటు చేసింది. 10,000 మంది భారతీయుల జీనోమ్‌ల డేటా 2025 జనవరిలో పరిశోధకులకు అందుబాటులోకి వచ్చింది. హైదరాబాద్‌లో సీసీఎంబీ, సీడీఎఫ్‌డీ, ట్రిపుల్ ఐటీ, కేంద్రీయ విశ్వవిద్యాలయం వంటి పరిశోధనా సంస్థలు ఉన్నాయి. జిల్లాల్లోని డిగ్రీ కాలేజీలో చదివే బయోటెక్నాలజీ విద్యార్థికి మాత్రం ఈ రంగం చాలావరకు సిలబస్‌లో ఒక యూనిట్‌గానే పరిచయం.

ఈ దూరం తగ్గించడానికి కొత్త భవనాలు అక్కర్లేదు. ఒక్కో పరిశోధనా సంస్థ కొన్ని కాలేజీలను దత్తత తీసుకుని, అక్కడి అధ్యాపకుల్లో ఒకరిద్దరిని స్థానిక సహాయకులుగా తయారు చేయాలి. ప్రతి విద్యార్థికి జీవశాస్త్రం వైపు ఒకరు, గణాంకాల వైపు ఒకరు చొప్పున ఇద్దరు గైడ్లు ఉండాలి. ప్రచురితమైన ఒక ఫలితాన్ని అదే డేటాతో మళ్లీ రాబట్టడం తొలి అభ్యాసం కావాలి. అన్నిటికంటే ముఖ్యంగా, శిష్యులకు సమయమిచ్చే శాస్త్రవేత్త కృషిని పదోన్నతుల్లో పరిశోధన పత్రాలతో సమానంగా లెక్కించాలి. అలా లెక్కించనంత కాలం మార్గదర్శకత్వం కొందరి మంచితనం మీదే ఆధారపడి ఉంటుంది.