పొయ్యిలెన్నైనా వంట ఒకటే

మాత్రలు రాసిచ్చే మాకు కంప్యూటరు భాషలతో ఏం పని అని మీరు అడగవచ్చు. ఎడిసన్‌లో ఎవరింటికి భోజనానికి వెళ్ళినా ఆ మాటలే చెవిన పడతాయి, అదొక కారణం. రెండోది కాస్త ఆగి చెబుతాం.

ఒకప్పుడు కొత్త కంప్యూటరు కొంటే పాత ప్రోగ్రామే దానంతటదే వేగంగా నడిచేది. 2004, 2005 ప్రాంతాల ఆ సుఖం తీరిపోయింది. ప్రాసెసరు వేగం ఇంకా పెంచితే వేడికి తట్టుకోలేమని తేలి, తయారీదార్లు ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది కోర్లు పెట్టసాగారు. ఒక్క వంటవాణ్ణే పరుగులు పెట్టించడం మాని, మరికొందరిని వంటింట్లోకి తెచ్చారన్నమాట.

మన ఉగాది భోజనాలే తీసుకోండి. పులిహోరకి అన్నం ఒక పొయ్యి మీద, చింతపండు పులుసు మరో పొయ్యి మీద ఒకేసారి ఉడకవచ్చు. కలపడం మాత్రం రెండూ అయ్యాకే. వంట తెలిసినవారు చెప్పేది ఇంతే. "మూడో పొయ్యి మీద పులుసు పెట్టండి" అని రాసిస్తే, రెండే పొయ్యిలున్న హాలులో ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ఏది దేనికోసం ఆగాలో చెప్పి, పొయ్యిల లెక్క హాలుకి వదిలెయ్యగల భాష కావాలి. అమెరికా రక్షణశాఖవారి డార్పా సొమ్ముతో క్రే కంపెనీ పెంచిన చాపెల్ ఈ దారిదే. ఈ లూపులో పనులు ఏ వరసలో జరిగినా ఫరవాలేదని రాస్తే చాలు, నాలుగు కోర్లకైనా వేల కోర్లకైనా పంపకం అది చూసుకుంటుంది. ఉదయ్ బొందుగుల ఓహియో స్టేట్ విశ్వవిద్యాలయంలో పరిశోధన చేస్తూ, సహచరులతో కలిసి 2008లో వెలువరించిన ప్లూటో ఇంకో దారి పట్టింది. మామూలు సీ ప్రోగ్రాములో లూపులు చదివి, ఏది దేనిమీద ఆధారపడిందో తానే లెక్కగట్టి పని పంచుతుంది. అన్ని లూపులూ ఆ లెక్కకి లొంగవు గాని, లొంగినచోట మనిషికి బోలెడు శ్రమ తప్పుతుంది.

వేగం సంగతి సరే, మా భయమంతా ఉప్పు దగ్గర. ఇద్దరు ఒకరికి తెలియకుండా ఒకరు పులుసు రుచి చూస్తారు. ఉప్పు లేదని ఇద్దరూ వేస్తారు.

కెనడాలో తయారైన థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం 1985-87 మధ్య ఆరుగురు రోగులకు విపరీతమైన మోతాదు ఇచ్చింది. 1986లో టెక్సస్‌లోని టైలరులో, ఎలక్ట్రాన్ అనవలసిన చోట ఎక్స్‌రే అని నొక్కిన ఆపరేటరు వెంటనే దిద్దారు. అయస్కాంతాలు సర్దుకోవడానికి దాదాపు ఎనిమిది సెకండ్లు పడుతుంది. దిద్దుబాటు ఆలోపే జరిగిపోవడంతో, ప్రోగ్రాములో ఒక భాగం దాన్ని చూసింది, మరో భాగం చూడలేదు. అక్కడ ఇద్దరు ఆ దెబ్బకే చనిపోయారు. ఆ యంత్రంలో ప్రాసెసరు ఒక్కటే! పనులు వంతులవారీగా నడిస్తేనే అలా అయింది. మా రెండో కారణం ఇదే.

మనకి అరగంట దూరంలో, మర్రే హిల్‌లోని బెల్ ల్యాబ్స్‌లో, డెన్నిస్ రిచీ సీ భాషను తయారుచేశాడు. 1973లో యూనిక్స్‌ను అందులో తిరగరాశాక, ఒక యంత్రం మీది ప్రోగ్రామును మరో యంత్రానికి తీసుకెళ్ళడం సులువైంది. అంతటి భాష ప్రామాణికంలో, ఇద్దరు ఒకే గిన్నెలో చెయ్యి పెడితే ఏం జరగాలన్నది 2011 దాకా లేనే లేదు. ఒక కోరు రాసినవి ఇంకో కోరుకి అదే వరసలో కనబడతాయన్న హామీ ఇంటెల్ చిప్పుల్లో ఎక్కువ, ఏఆర్‌ఎం చిప్పుల్లో తక్కువ. కనుక మొదటిదాని మీద ఏళ్ళ తరబడి సవ్యంగా నడిచిన ప్రోగ్రాము, దాగిన లోపం ఉంటే, రెండోదాని మీద తప్పు జవాబు చెప్పవచ్చు. ఎక్కడికి తీసుకెళ్ళినా నడిస్తే చాలదు, అదే జవాబు రావాలి. ఆసుపత్రిలో పనిచేసే మాకు వేగం ఆ తరవాతే.

2015లో మొదటి స్థిరమైన వెర్షను విడుదలైన రస్ట్ భాష, మామూలు పద్ధతిలో రాసినంతవరకు, ఇద్దరు ఒకే గిన్నెను ఒకేసారి మార్చబోతే ప్రోగ్రామును మొదలే కానివ్వదు. థెరాక్ వంటి తప్పులన్నీ దానితో పోవు. ఇంజనీరు మిత్రులు దాని చాదస్తానికి విసుక్కుంటారు. ఆపరేషనుకి ముందు దూదీ కత్తెరలూ లెక్కపెట్టే నర్సుని మేమూ విసుక్కుంటాం, అయినా లెక్క మానిపించం.

చాపెల్, రస్ట్ రెండూ ఉచితమే. సెలవుల్లో పిల్లలు ప్రయత్నించడానికి ఇంట్లో ఉన్న ల్యాప్‌టాపు చాలు. వచ్చే నెల మళ్ళీ రక్తపోటు, ఉప్పు. ఈసారి నిజం ఉప్పే.