చేతిలో మూడు లక్షలు... విదేశీ ఉద్యోగం సాధ్యమేనా?

‘ఇంట్లో అంతా కలిపితే మూడు లక్షలు తేలతాయి. బయటి దేశంలో ఉద్యోగానికి వెళ్లొచ్చా?’ ఫైనలియర్‌లో ఉన్నవాళ్లలో, చదువైపోయి ఇంట్లో ఉన్నవాళ్లలో ఈ ప్రశ్న చాలామందిది. ఏదైనా కన్సల్టెన్సీ మెట్లెక్కి అడిగి చూడండి. ‘డబ్బు సంగతి మేం చూసుకుంటాం, ముందు అడ్వాన్స్ కట్టండి’ అంటారు. ఇంటికొచ్చి నాన్నను అడుగుతారు. ఆయన మాట్లాడకుండా పొలం కాగితాల వైపు చూస్తారు.

మా జవాబు ఏంటంటే, వెళ్లొచ్చు. అయితే ఆ మూడు లక్షల్లో ఏ రూపాయి ముందు కదలాలి, ఏది విమానం దిగేదాకా కదలకూడదు అన్నది మీకు తెలిసి ఉండాలి. డబ్బు తక్కువ ఉన్నవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది ఖర్చుల వరస తప్పడం వల్లే. ఉద్యోగం దొరక్కముందే అప్పు చేస్తారు. డిగ్రీ చెల్లుతుందో లేదో చూసుకోకముందే ఫీజు కడతారు. ‘ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం’ అన్నట్టుంటుంది వ్యవహారం.

ఒకే దేశం... రెండు వీసాలు

జర్మనీనే తీసుకోండి. నైపుణ్యం ఉన్న భారతీయులకు ఏడాదికిచ్చే వీసాలను 20 వేల నుంచి 90 వేలకు పెంచుతామని ఆ దేశం 2024 అక్టోబరులో ప్రకటించింది. అప్పట్నుంచీ మన దగ్గర జర్మనీ బోర్డులు పెరిగాయి. కానీ ఆ బోర్డుల్లో రాయని తేడా ఒకటుంది.

మొదటిది ‘ఆపర్చునిటీ కార్డ్’. జర్మన్‌లో చాన్సెన్‌కార్టె అంటారు. 2024 జూన్ 1న మొదలైంది. ఉద్యోగం లేకుండానే వెళ్లి, ఏడాదిపాటు అక్కడే ఉండి వెతుక్కోవచ్చు. చదువు, భాష, అనుభవం, వయసు లాంటివాటికి పాయింట్లిస్తారు. కనీసం 6 రావాలి. వారానికి 20 గంటల వరకూ పార్ట్‌టైమ్ చేసుకోనిస్తారు. వినడానికి బాగుంది కదా! అయితే ఏడాదిపాటు బతకడానికి డబ్బుందని చూపించాలి. 2025 లెక్క ప్రకారం నెలకు 1,091 యూరోలు, ఏడాదికి 13,092. యూరోను వంద రూపాయలుగా లెక్కేసినా 13 లక్షలు దాటుతుంది. ఎక్కువమంది ఈ మొత్తాన్ని ‘బ్లాక్డ్ అకౌంట్’లో వేస్తారు. అందులోంచి నెలనెలా కొంతే చేతికొస్తుంది.

రెండోది ఉద్యోగం చేతిలో పెట్టుకుని వెళ్లే వీసా. ఈయూ బ్లూ కార్డ్ ఇలాంటిదే. దీనికి బ్లాక్డ్ అకౌంట్ అక్కర్లేదు, రాబోయే జీతమే ఆధారం. 2026లో బ్లూ కార్డుకు ఏడాది జీతం కనీసం 50,700 యూరోలుండాలి. ఐటీ, ఇంజినీరింగ్ లాంటి కొరత రంగాలకూ, డిగ్రీ పూర్తయి మూడేళ్లు దాటనివాళ్లకూ 45,934 యూరోల పైచిలుకు ఉంటే చాలు. అంటే ఇప్పుడే చదువు ముగించినవాళ్లకు కొంత వెసులుబాటుంది. వీసా రుసుము రెండింటికీ 75 యూరోలే. సర్వీసు ఛార్జీ కలుపుకొన్నా పది వేల రూపాయలకు అటూఇటూ.

రెండు దారుల మధ్య తేడా 13 లక్షలు. మొదటిది తప్పుడు దారి కాదు. సొంత డబ్బున్నవాళ్లకు అది మంచి అవకాశమే. మూడు లక్షలున్న ఇంటికి మాత్రం కాదు.

రెండు రూపాయల వడ్డీ కథ

‘అది మన డబ్బే కదా, తిరిగొస్తుందిగా’ అంటారు. నిజమే. కానీ అప్పుగా తెచ్చిన డబ్బుకు వడ్డీ ఆగదు. మీ మూడు లక్షలు పోగా మిగతా పది లక్షలు ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి. నెలకు 20 వేలు, ఏడాదికి 2 లక్షల 40 వేలు. బ్యాంకు భాషలో చెప్తే 24 శాతం. అక్కడ ఉద్యోగం దొరికేదాకా ఆ 20 వేలు ఇక్కడ నాన్న కట్టాలి. ఖాతాలోంచి నెలనెలా వచ్చేది మీ అద్దెకూ తిండికే అయిపోతుంది. ఏడాది తిరిగేసరికి ఖాతా ఖాళీ, అసలు అలాగే ఉంటుంది. ఉద్యోగం దొరక్కపోతే తిరుగు టికెట్టు కూడా అప్పే.

ఈ లెక్కను ఒక కాగితం మీద వేసి ఇంట్లో అందరి ముందూ పెట్టండి. సంతకం పెట్టేది నాన్నే అయినప్పుడు లెక్క ఆయనకూ తెలియాలి. ‘వెళ్లాక చూసుకుందాంలే’ అనే మాట మీద పొలం తాకట్టు పెట్టించొద్దు.

బ్రిటన్‌లో ఆఫర్ ఉన్నా...

అన్ని దేశాల్లోనూ ఆఫర్ వచ్చిందంటే డబ్బు బాధ తీరినట్టు కాదు. బ్రిటన్ స్కిల్డ్ వర్కర్ వీసాకు మూడేళ్ల వరకూ రుసుము 2025 ఏప్రిల్ నాటి లెక్క ప్రకారం 769 పౌండ్లు. ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 1,035. మూడేళ్లదీ ముందే కట్టాలి. ఆ లెక్కన రెండూ కలిపి 3,874 పౌండ్లు. పౌండును 115 రూపాయలుగా లెక్కేసుకున్నా దాదాపు నాలుగున్నర లక్షలు. ఇది మీ మొత్తం పొదుపు కంటే ఎక్కువ. కాబట్టి సంతకానికి ముందే కంపెనీని అడగాల్సిన ప్రశ్న ఇది: ‘వీసా రుసుము, సర్‌ఛార్జి మీరు భరిస్తారా?’ అడగడానికి మొహమాటపడొద్దు. భరించే కంపెనీలున్నాయి. వీసా నిరాకరిస్తే సర్‌ఛార్జి వెనక్కొస్తుంది.

దీనికితోడు 1,270 పౌండ్లు మీ ఖాతాలో వరసగా 28 రోజులు ఉండాలి. మధ్యలో ఒక్కరోజు ఆ గీత దిగినా లెక్క మళ్లీ మొదటికే. చెల్లి ఫీజు కోసం ఒక పదివేలు తీసి రెండ్రోజుల్లో వేసేశాం అంటే కుదరదు. వీసా డబ్బును రోజువారీ ఖర్చుల ఖాతాలో ఉంచకుండా వేరే ఖాతాలో పెట్టండి. మొదటి నెల ఖర్చు తామే చూసుకుంటామని కంపెనీ ధ్రువీకరిస్తే ఈ నిల్వ చూపించే పనే ఉండదు. అది కూడా అడగండి.

పైసా ఖర్చు లేని పనులు ముందు

ఆఫర్ వచ్చేదాకా చేతులు ముడుచుకు కూర్చోమని కాదు. ఈలోగా చేయాల్సినవి చాలా ఉన్నాయి. చాలావాటికి ఖర్చు లేదు, ఓపిక చాలు.

మొదటిది పేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరాల్లో ఉంటుంది. ఇంటర్‌లో పూర్తిగా ఉంటుంది. డిగ్రీలో పేరు చివరకు వెళ్తుంది. పాస్‌పోర్టులో ‘సర్‌నేమ్’ గడి ఖాళీగా ఉంటుంది. మన ఇళ్లలో ఇది మామూలే. కానీ వీసా అధికారికి ఇవి నలుగురు మనుషుల కాగితాల్లా కనిపిస్తాయి. అన్నీ బల్లమీద పరిచి అక్షరం అక్షరం సరిచూడండి. సర్టిఫికెట్లలో దిద్దుబాట్లు స్కూలూ, బోర్డూ, యూనివర్సిటీ చుట్టూ తిరిగే పని, నెలలు పడుతుంది. ఆఫర్ వచ్చాక మొదలుపెడితే ఆఫర్ ఆగదు.

రెండోది ఒరిజినల్ డిగ్రీ. ప్రొవిజనల్ సర్టిఫికెట్ తీసుకుని ఓడీ సంగతి మర్చిపోయేవాళ్లు మనలో ఎంతమందో! కాన్వొకేషన్ రుసుము కట్టి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. కన్సాలిడేటెడ్ మార్కుల మెమో కూడా చేతిలో ఉంచుకోండి.

మూడోది డిగ్రీ విలువ. మీ యూనివర్సిటీని జర్మనీ గుర్తిస్తుందో లేదో ‘అనబిన్’ అనే డేటాబేస్‌లో ఉచితంగా చూడొచ్చు. అక్కడ కాలేజీ పేరు వెతికి, లేదని బెంబేలు పడకండి. డిగ్రీ మీద ఏ యూనివర్సిటీ పేరుందో దాన్ని వెతకాలి. దాని ఎదురుగా ‘హెచ్+’ అని ఉందా, మీ కోర్సు జాబితాలో ఉందా చూసుకుని ఆ పేజీని ప్రింటు తీసి పెట్టుకోండి. కోర్సు దొరక్కపోతే జెడ్ఏబీ అనే సంస్థ నుంచి పోలిక పత్రం తెచ్చుకోవాలి. దానికి 208 యూరోలు. ఆఫర్ వచ్చేలా ఉన్నప్పుడే ఆ ఖర్చు పెట్టండి.

నాలుగోది భాష. డాయిష్ వెల్లె సంస్థవారి ‘నీకోస్ వేగ్’ కోర్సు ఏ1 నుంచి బీ1 దాకా ఆన్‌లైన్‌లో ఉచితం. పరీక్ష రాయాలనుకున్నప్పుడే హైదరాబాద్ గోథె జెంట్రమ్ లాంటిచోట డబ్బు కట్టండి. ఐటీలో ఇంగ్లిషుతో ఉద్యోగాలున్నా, భాష వచ్చినవాళ్లకు తలుపులు ఎక్కువ తెరుచుకుంటాయి.

ఇక ఇప్పుడే ఖర్చు పెట్టదగినది పాస్‌పోర్టు. మామూలు పద్ధతిలో 1,500 రూపాయలు. ఆలస్యం చేసి తత్కాల్‌లో వెళ్తే అదనంగా మరో 2,000.

‘బ్యాలెన్స్ చూపిస్తాం’ అంటే...

కొందరు కమీషన్ తీసుకుని మీ ఖాతాలో కొద్దిరోజులు లక్షలు నిలబెడతారు. ఇంకొందరు చేయని ఉద్యోగానికి అనుభవ పత్రం ఇస్తారు. ‘అందరూ చేసేదే’ అంటారు. పట్టుబడితే పోయేది వాళ్లు కాదు. తప్పుడు పత్రం పెట్టారని తేలితే బ్రిటన్ పదేళ్లపాటు తలుపు మూసేస్తుంది. ఇరవై రెండేళ్ల వయసులో పదేళ్లంటే ఏంటో ఆలోచించండి. ఉన్నది తక్కువైనా ఉన్నదే చూపించండి. ఖాతాలోకి ఒకేసారి పెద్ద మొత్తం వస్తే, అది బంగారం అమ్మినదైనా మామయ్య ఇచ్చినదైనా, దానికి కాగితం దగ్గరుంచుకోండి.

ఏజెంటు సంగతీ అంతే. విదేశాంగ శాఖ దగ్గర నమోదైన రిక్రూటింగ్ ఏజెంటు అభ్యర్థి నుంచి గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే తీసుకోవాలి. రసీదు ఇవ్వాలి. ఆయన పేరు ‘ఈ-మైగ్రేట్’ పోర్టల్‌లో ఉందో లేదో ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. బ్రిటన్‌లో స్పాన్సర్ లైసెన్సున్న కంపెనీల జాబితా కూడా బహిరంగమే. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్ ఖర్చును ఉద్యోగి నెత్తిన వేయడానికి అక్కడి నిబంధనలు ఒప్పుకోవు. ‘సర్టిఫికెట్ ఇప్పిస్తాం, ఇన్ని లక్షలు’ అన్నవాణ్ని అక్కడే వదిలేయండి.

‘విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మార్పిస్తాం’ అన్నా అంతే. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ ఉద్యోగమని వెళ్లి, మయన్మార్‌లోని సైబర్ మోసాల అడ్డాల్లో చిక్కుకున్న వందలమంది భారతీయుల్ని 2025 మార్చిలో వాయుసేన విమానాల్లో వెనక్కి తేవాల్సి వచ్చింది. వాళ్లలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. పదో తరగతి దాటినవాళ్ల పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ అనుమతి అక్కర్లేదు. అంటే విమానాశ్రయంలో మీ ఉద్యోగ ఒప్పందాన్ని చదివి ఆపేవాళ్లు ఉండరు. ఆ పని మీరే చేసుకోవాలి.

దిగాక మొదటి జీతం దాకా

ఆఫర్ వచ్చింది, వీసా వచ్చింది. ఇప్పుడు బయటకు తీయండి ఆ మూడు లక్షలు. జీతం నెలాఖరుకు గానీ రాదు. జర్మనీ ప్రభుత్వ లెక్క ప్రకారమే నెల ఖర్చు 1,091 యూరోలు. రెండు నెలలకు రెండు లక్షల పైమాటే. విమాన టికెట్టు వేరు. ఇంటి అడ్వాన్సు దీనికి అదనం. అక్కడి చట్టం ప్రకారం అడ్వాన్సు మూడు నెలల అద్దెకు మించకూడదు. దాన్ని మూడు నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ఈ సంగతి తెలియక మొత్తం ఒకేసారి కట్టి, తిండికి ఇబ్బంది పడొద్దు. టికెట్టు ఖర్చు ఇస్తారా, మొదటి జీతంలో కొంత ముందుగా ఇస్తారా అని కంపెనీకి మర్యాదగా ఒక మెయిలు పెట్టండి. అప్పటికీ కొంత తగ్గితే అప్పుడు అప్పు చేయండి. చేతిలో ఒప్పంద పత్రం, ఎదురుగా జీతం ఉంటాయి కాబట్టి అది తీర్చగలిగే అప్పు.

కాలేజీలకూ ఒక మాట. క్యాంపస్ ప్లేస్‌మెంట్ల లెక్కలు ఫ్లెక్సీలకెక్కించే యాజమాన్యాలు, ఫైనలియర్‌లో ఒక్క పూట పిల్లల సర్టిఫికెట్లలో పేర్లు సరిచూసి, ఓడీకి దరఖాస్తు పెట్టిస్తే చాలు. ఎన్నో ఇళ్లకు నెలల తిరుగుడు తప్పుతుంది.

మీరు మాత్రం వాళ్లకోసం ఆగకండి. ఈ ఆదివారం ఒక గంట కేటాయించండి. టెన్త్ మెమో నుంచి పాస్‌పోర్టు దాకా అన్నీ తీసి వరసగా పెట్టండి. పేరు ఎక్కడెక్కడ మారిందో పెన్సిల్‌తో రాసుకోండి. మీ దరఖాస్తులో మొదటి పని అదే, దానికి రూపాయి కూడా కాదు.