ఊరు ఒప్పుకున్న పేరు

బెంగళూరు చిక్కపేటలో ఇంగ్లీషు బోర్డులు చదువుతూ నడిస్తే ఆ పేట పేరు ఒక్కో కొట్టు మీద ఒక్కో రకంగా కనిపిస్తుంది. కన్నడ బోర్డుల మీద మాత్రం ఒకటే రూపం: చిక్కపేటె. మనవాళ్ళలో చాలామంది కన్నడ బోర్డును వదిలేసి ఇంగ్లీషు బోర్డు చూసి ‘చిక్‌పెట్’ అని రాస్తున్నారు. పేట అన్నది కన్నడిగులకెంత సొంతమో మనకూ అంత సొంతం. సూర్యాపేట, నరసరావుపేట, సూళ్ళూరుపేట ఉన్న భాషలో ‘పెట్’ పుట్టాల్సిన అవసరమేముంది? కెంపేగౌడ 1537లో కట్టించిన పాత ఊరికి చిక్కపేట, దొడ్డపేటల కూడలే నడిబొడ్డు. ఆ రెండు వీధుల్లో దొడ్డపేట ఇప్పటికే అవెన్యూ రోడ్డయిపోయింది. మిగిలిన పేరునైనా సరిగా పలకాలి.

ఒక ఊరి పేరు పరాయి భాషలో ఎలా ఉంటే సరైనది అన్న చర్చ రాగానే జర్మనీ ఊళ్ళ ప్రస్తావన వస్తుంది. జర్మన్లు ‘మ్యూన్‌షెన్’ అనే ఊరిని ఇంగ్లీషువాళ్ళు మ్యూనిక్ అంటారు. ‘క్యోల్న్’ను కొలోన్ అంటారు. బాంబే ముంబయి అయినట్టు వీటినీ ఇంగ్లీషులో సరిదిద్దాలని, అదే మర్యాద అని వాదించేవాళ్ళున్నారు. ఆ వాదనతో నేను ఏకీభవించను. మ్యూనిక్ అన్న రూపం ఎవరో నోరు తిరగక చేసిన వికృతి కాదు. ఆ ఊరి పేరు మొదటిసారి కనిపించే 1158 నాటి పత్రంలో అది ‘మునిఖెన్’. ఇంగ్లీషు నిలుపుకున్నది ఆ పాత రూపానికి దగ్గరిదే. కొలోన్, క్యోల్న్ రెండూ రోమన్లు పెట్టిన ‘కొలోనియా’ నుంచి వచ్చినవే. జర్మన్ వర్ణక్రమంలోనే ఆ పేరు మొదటి అక్షరం ‘సి’యా, ‘కె’యా అన్న సంగతి 1919లో గాని తేలలేదు. అన్నిటికన్నా ముఖ్యం, ఆ నగరపాలక సంస్థలు ఇంగ్లీషులో రాసేటప్పుడు తమ ఊళ్ళను మ్యూనిక్, కొలోన్ అనే రాసుకుంటాయి. ఊరికి లేని అభ్యంతరం మనకెందుకు?

బెంగళూరు సంగతి అలా కాదు. బేగూరు నాగేశ్వరాలయంలోని వీరగల్లు మీద, అంటే ఇంచుమించు తొమ్మిదో శతాబ్దం నాటికే, ‘బెంగళూరు’ అన్న పేరుంది. ‘బ్యాంగలోర్’ తర్వాత వచ్చినది. ఇంగ్లీషులోనూ బెంగళూరు అనే రాయాలని కన్నడ రచయిత యు.ఆర్. అనంతమూర్తి సువర్ణ కర్ణాటక ఉత్సవాల కాలంలో సూచించారు. ఆయన 2014 ఆగస్టులో కన్నుమూశారు. అదే ఏడు నవంబరు 1న, కన్నడ రాజ్యోత్సవం నాడు, బెంగళూరుతో కలిపి పన్నెండు ఊళ్ళ ఇంగ్లీషు పేర్లు మారాయి. ఆ మార్పు చూడకుండానే ఆ పెద్దాయన వెళ్ళిపోవడం ఇప్పటికీ మనసుకు కష్టంగానే ఉంటుంది.

ఆ రోజు తెలుగువాళ్ళకు కొన్ని పేర్ల విషయంలో పనే పడలేదు. మైసూరు, మంగళూరు, బళ్ళారి అని మనం ముందునుంచీ రాస్తున్నాం. ఇరుగుపొరుగు రాకపోకల్లో చెవికి వినబడి వచ్చిన పేర్లవి. షిమోగా, హుబ్లీ, బెల్గాం మాత్రం మనకు ఇంగ్లీషు కాగితాల మీదుగా వచ్చాయి. వాటిని శివమొగ్గ, హుబ్బళ్ళి, బెళగావి అని దిద్దుకోవలసి వచ్చింది. పక్క ఊరి పేరును పక్క భాషలోనే వినాలన్నది ఇందుకే.

అలాగని కన్నడ ఉచ్చారణను అక్షరం పొల్లుపోకుండా దింపాలని కాదు. చిక్కపేటె చివరి ఎత్వం మన నోట అకారమవుతుంది. మన అనంతపురం, మంత్రాలయం కన్నడిగుల నోట అనంతపుర, మంత్రాలయ అవుతాయి. అందులో అగౌరవం లేదు. ‘మ్యూన్‌షెన్’లోని మొదటి అచ్చుకు తెలుగులో అక్షరం లేదు, బెంగళూరులోని ‘ళ’కు ఇంగ్లీషులో లేదు. 2014 తర్వాతి ఇంగ్లీషు రూపంలోనూ ఆ ‘ళ’ రాలేదు. అయినా బెంగళూరు ఆ రూపాన్ని కోరుకుంది, అది చాలు. పరాయి భాషలో పేరు సరైనదని చెప్పేది ఆ ఊరి సమ్మతి, ఆ భాషలో దానికున్న పాత వాడుక. ఉచ్చారణ ఎంత కచ్చితంగా దిగిందన్నది ఆ తర్వాతి మాట.

చరిత్ర రాసేటప్పుడు కాలాన్ని బట్టి పోవాలి. ఆ ఊరు ఇప్పుడు విజయపుర అయినా, ఆదిల్‌షాహీలది బీజాపూరే. వాళ్ళను విజయపుర సుల్తానులంటే చదివేవాడు తికమకపడతాడు. 1938 నాటిది మ్యూనిక్ ఒప్పందమే.

ఇకపై మా పుటల్లో బెంగళూరు, చిక్కపేట, బళ్ళారి, శివమొగ్గ అని ఉంటాయి. మ్యూనిక్, కొలోన్ తెలుగులో స్థిరపడ్డాయి కనుక అలాగే ఉంటాయి. మనకు వాడుక లేని ఊరి పేరు రాయవలసి వస్తే ఇంగ్లీషు అక్షరాలను నమ్ముకోకుండా, ఆ భాష తెలిసినవారిని ఒక్కసారి అడిగి రాయమని రచయితలందరికీ మా మనవి.