స్టోర్సులో సంతకం ఒక అమానతు

గూడూరు జంక్షన్ నుండి చెన్నైకి, విజయవాడకు, రేణిగుంటకు రైలు మార్గాలున్నాయి. చదువు ముగించిన మన పిల్లలు ఉపాధి కోసం ఇక్కడి నుండే బయలుదేరుతుంటారు. వారిలో ఎవరైనా విమాన ఇంజన్ల విడిభాగాల స్టోర్సులో చేరతానంటే పెద్దల ముఖం చిన్నబోతుంది. ఇంత చదివి గోదాములో పెట్టెలు లెక్కపెట్టడమా అని నిట్టూరుస్తారు. ఆ నిట్టూర్పు న్యాయమైనది కాదని మేము భావిస్తున్నాము.

2025 నవంబరు 26న శంషాబాద్ విమానాశ్రయ ప్రాంగణంలో ఫ్రాన్సుకు చెందిన సాఫ్రాన్ సంస్థ లీప్ ఇంజన్ల మరమ్మతు కేంద్రం ప్రారంభమైంది. పూర్తి సామర్థ్యానికి చేరాక ఏటా 300 ఇంజన్ల వరకు బాగుచేస్తుందనీ, వెయ్యిమందికి పైగా ఇంజనీర్లకు, సాంకేతిక నిపుణులకు పని దొరుకుతుందనీ ప్రకటించారు. ఇలాంటి కేంద్రంలో ఇంజన్‌ను భాగాలుగా విప్పుతారు. అరిగినవాటి స్థానంలో బిగించే ప్రతి భాగమూ స్టోర్సు గుండానే వెళ్ళాలి.

అక్కడి పని ఎలా ఉంటుందో చూద్దాం. భాగం రాగానే దానిపై చెక్కిన సంఖ్యను, వెంట వచ్చిన రిలీజ్ సర్టిఫికెట్‌లోని సంఖ్యతో సరిపోల్చాలి. పత్రం లేకపోయినా, తేడా ఉన్నా ఆ భాగాన్ని వేరుగా తాళం వేసి ఉంచాలి. రబ్బరు రింగులకు గడువు తేదీ ఉంటుంది. గడువు దాటితే కొత్తగా కనిపించినా వాడరాదు. బేరింగులను ఒట్టి చేతితో తాకరాదు. చేతి చెమటకే తుప్పు పడుతుంది. టర్బైన్ చక్రాల ఆయుష్షును విమానం ఎన్నిసార్లు ఎగిరి దిగిందనే లెక్కతో కొలుస్తారు. అందుకే తయారైన నాటి నుండి వాటి చరిత్ర కాగితంపై ఉండాలి. పనికిరాదని తేలిన భాగాన్ని ఎవరూ తిరిగి అమ్మలేని విధంగా ధ్వంసం చేస్తారు.

ఇంత కట్టుదిట్టం ఎందుకో 2023లో లోకానికి తెలిసింది. లండన్ కేంద్రంగా నడిచిన ఏఓజీ టెక్నిక్స్ అనే వ్యాపార సంస్థ నకిలీ పత్రాలతో ఇంజన్ భాగాలను అమ్మింది. కొత్తదని పత్రం చెబుతున్న ఒక భాగం పాతదిలా కనిపించడంతో పోర్చుగల్ విమాన సంస్థ ఇంజనీర్లకు అనుమానం వచ్చింది. వారు సాఫ్రాన్‌ను సంప్రదించగా, ఆ పత్రం నిజమైనది కాదని తేలింది. ఆ తరువాత అనేక దేశాల విమాన సంస్థలు తమ ఇంజన్లను వెతికి, అటువంటి భాగాలను తొలగించవలసి వచ్చింది. కాగితాన్ని మాత్రమే కాక వస్తువును కూడా చూసిన కళ్ళే ఆ మోసాన్ని పట్టించాయి.

మన ఊరి నిమ్మకాయల బస్తాలో పైన మంచివి పెట్టి అడుగున కుళ్ళినవి దాచితే, బస్తా విప్పగానే బయటపడుతుంది. ఇంజన్ లోపలి భాగం మంచిచెడ్డలు ప్రయాణికుడికి కనిపించవు. హజ్‌కు బయలుదేరే మన పెద్దలు విమానం ఎక్కేటప్పుడు, ముఖమైనా ఎరుగని ఒక స్టోర్సు ఉద్యోగి సంతకాన్ని నమ్మి ఎక్కుతున్నారు. ఇదే అమానతు. హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలాం) ఈజిప్టు రాజును కోరినది ధాన్యాగారాల బాధ్యతనే. కాపాడగలను, తెలివితో నిర్వహించగలను అన్నవే ఆయన చూపిన అర్హతలు. ఒక ప్రవక్త కోరి చేపట్టిన బాధ్యతను మనం చిన్నచూపు చూడవచ్చునా?

ఈ కొలువులో పరీక్ష ఘడియ కూడా ఉంది. విమానం నేలమీద ఆగిపోయి ఉంటుంది. అర్ధరాత్రి ఫోను మోగుతుంది. "భాగం ఇచ్చేయండి, పత్రం పొద్దున వస్తుంది" అని ఎవరైనా తొందరపెట్టవచ్చు. కాదనే ధైర్యం ఆ క్షణంలో పుట్టుకురాదు. దుకాణం లెక్కలోనో, పాల కొలతలోనో తండ్రి నిజాయితీని చూసి పెరిగిన బిడ్డకే అది అలవడుతుంది.

కనుక సోదర సోదరీమణులారా! విమానాశ్రయంలో ఉద్యోగం ఖాయమని చెప్పి ముందుగానే సొమ్ము అడిగేవారిని నమ్మకండి. ఆంగ్లంలో రాసిన పత్రాన్ని అర్థం చేసుకుని చదవడం, కంప్యూటరులో లెక్కలు తప్పులేకుండా నమోదు చేయడం పిల్లలకు నేర్పించండి. కొలువు దొరికి బయలుదేరేనాడు, కంటితో చూడని దానిపై సంతకం చేయవద్దని చెప్పి పంపండి. అలా సంపాదించిన జీతం హలాల్ జీవనోపాధి అవుతుంది.