సీటొచ్చింది, టీకా కాగితమేదీ?

నరసరావుపేటలో ఇంజినీరింగ్ చదివిన అమ్మాయికి అమెరికాలో ఎమ్మెస్ సీటొస్తుంది. తండ్రి పొలం కుదువబెట్టి లోను తెస్తాడు. వీసా స్టాంపు పడుతుంది. అంతలో యూనివర్సిటీ నుంచి ఇంకో కబురు: టీకాల రికార్డు పంపమని! మాచర్ల, గురజాల పల్లెల్లో ఇరవై ఏళ్ల కిందట ఏఎన్‌ఎం రాసిచ్చిన కార్డు ఏ ట్రంకుపెట్టెలో ఉందో, ఏ వానకు తడిసిందో ఎవరికి తెలుసు?

అడగడం తప్పని మేం అనడం లేదు. వేలమంది ఒకే హాస్టల్లో, ఒకే మెస్సులో ఉండే చోట ఒకరికి తట్టు వస్తే ఒకరితో ఆగదు. న్యూయార్క్ రాష్ట్ర చట్టం ప్రకారం 1957 నుంచి పుట్టిన ప్రతి విద్యార్థీ తట్టుకు రెండు డోసులు, గవదబిళ్లలకు ఒకటి, రుబెల్లాకు ఒకటి వేసుకున్నట్టు చూపాలి. లేదా రక్తపరీక్షతో రుజువు చేయాలి. టెక్సాస్‌లో 22 ఏళ్లు నిండని కొత్త విద్యార్థికి మెనింజైటిస్ టీకా తప్పనిసరి.

మా పేచీ మన ఏలికలతో. గవదబిళ్లల టీకా ఇప్పటిదాకా సర్కారు పట్టికకు ఎక్కలేదు. 2017 ఆగస్టులో మన బడుల్లో వేసింది తట్టుకు, రుబెల్లాకే. అందుకే ఎంఎంఆర్ కావాలంటే ప్రైవేటులో కొనుక్కోవాలి, 28 రోజుల ఎడంతో రెండుసార్లు. హెపటైటిస్-బి మూడు డోసులు మామూలుగా పూర్తవడానికి ఆరు నెలలు. విమానం ఆగస్టులో, కబురు జూన్‌లో! పైగా చిన్ననాటి బీసీజీ వల్ల క్షయ చర్మపరీక్ష పాజిటివ్ చూపవచ్చు. బీసీజీతో తికమకపడని రక్తపరీక్ష వేరే ఉందని చెప్పే దిక్కేదీ? కన్సల్టెన్సీవాడు చెప్పిందే వేదం.

2021లో కోవిషీల్డ్ రెండో డోసుకు 84 రోజులు ఆగాలన్న కేంద్రం, ఆ జూన్‌లో విదేశాలకు వెళ్లే విద్యార్థులకు 28 రోజులు దాటితే చాలంది. తలుచుకుంటే అయింది కదా!

అమెరికా వెళ్లే నలుగురి గోడేగా అని కొట్టిపారేయకండి. ఇక్కడే ఉండే పిల్లల సంగతి చూడండి. మన వర్సిటీలు కులం, ఆదాయం, టీసీ, స్టడీ సర్టిఫికెట్ అన్నీ అడుగుతాయి. టీకా ఊసెత్తవు. హెపటైటిస్-బి టీకా దేశమంతటా అమల్లోకి వచ్చింది 2011లో. ఇవాళ డిగ్రీలో, నర్సింగులో చేరుతున్నవాళ్లు అంతకుముందే పుట్టారు. వార్డులో సూది గుచ్చుకునే నర్సింగ్ విద్యార్థినికి ఆ టీకా పడిందో లేదో చూసేదెవరు?

అడ్మిషన్ రోజునే టీకాల రికార్డు అడగాలి. లేనివారికి కాలేజీలోనే, లేదా నరసరావుపేట, గురజాల, మాచర్ల సర్కారు ఆసుపత్రుల్లో ఉచితంగా వేసి, తేదీలతో సంతకం చేసిన కాగితం చేతికివ్వాలి. కాగితం లేదని సీటు ఆపితే మాత్రం ఊరుకోం. ఇప్పుడు పుట్టే పిల్లల టీకాలు యూ-విన్‌లో ఎక్కుతున్నాయి. ఈ పెద్దపిల్లలనూ అందులో ఎక్కించండి. వచ్చే కౌన్సెలింగ్‌లోపు ఉత్తర్వు రావాలి. విద్యార్థి సంఘాలు, ఉపాధ్యాయ, ఉద్యోగ సంఘాలు ఈ డిమాండుతో కలెక్టరేటు మెట్లెక్కాలని కోరుతున్నాం.