వినికిడి యంత్రముల ఫలమును లెక్కించు తీరు

రెండేండ్ల క్రిందట ఒక సహకార సంఘపు సర్వసభ్య సమావేశమునకు మేము పోయి యుంటిమి. అప్పుల వాయిదాలను గూర్చిన తీర్మానమును కార్యదర్శి చదివెను. అందఱును చేతు లెత్తిరి. వెనుక వరుసలోని యొక పెద్దయ్యయు నెత్తెను. ఆ తీర్మానముతో వాయిదా తేదీ యొక నెల ముందునకు మారినదని యాయనకు తెలిసినది, అపరాధ వడ్డీతో నోటీసు వచ్చిన పిమ్మటనే. ఆయన చదువుకొన్నవాడు, లెక్క తెలిసినవాడు. చెవులు మాత్రము పదియేండ్లుగా మందగించినవి. ఊరివా రాయనను ‘చెవిటి మాలోకము’ అని నవ్వుకొనుటయే గాని, ప్రక్కన కూర్చుండి తీర్మానమును మఱల చెప్పినవాడు లేడు. మేమును చెప్పలేదు.

ఆయనకు యంత్రము లేకపోలేదు. అంతకు ముందటి సంవత్సరమే యొక శిబిరములో నుచితముగా నిచ్చిరి. ఏదీ యని యడుగగా ట్రంకు పెట్టెలోనుండి గుడ్డమూట తీసి చూపెను. “బాబూ, ఇది పెట్టుకుంటే కప్పల అరుపూ గిన్నెల చప్పుడూ వినపడతాయి గాని మనిషి మాట వినపడదు” అనెను. బ్యాటరీ యెప్పుడో యయిపోయినది. చెవికి కొలత తీసి చేయించిన అచ్చు లేదు. అందుచే తగిలించినప్పుడెల్ల ఈల వేయుచుండెడిది. ఆ శిబిరపు లెక్కలలో మాత్ర మాయన లబ్ధిదారుడే.

వ్యవసాయ ప్రదర్శకులమైన మాకు ఒక యలవాటు కలదు. ఎన్ని బస్తాల విత్తనము పంచితిమన్నది మాకు ఫలితము గాదు. కళ్ళములో తూచిన గింజయే ఫలితము. వినికిడి యంత్రమునకు నిదియే కొలత యని మా యభిప్రాయము. ఈ విద్య నెఱిగినవారు దేశదేశములలో వాడు ఏడు ప్రశ్నల పట్టిక యొకటి కలదు. గడచిన రెండు వారములలో దినమునకు ఎన్ని గంటలు పెట్టుకొంటిరన్నది అందు మొదటి ప్రశ్న. ఇంటివారి యిబ్బందిని గూర్చియు, బ్రదుకులోని సంతోషమును గూర్చియు తరువాతి ప్రశ్నలు గలవు. పంచినవారు ఆఱు నెలలకు మఱల వచ్చి మొదటిదానినైన నడిగిన, ట్రంకు పెట్టెలలో నెన్ని యంత్రములు నిద్రించుచున్నవో తెలియగలదు.

యంత్రము చెవిని బాగుచేయదు, శబ్దమును పెంచును. కావున ముందు వైద్యుడు చెవిని చూడవలయును. కొందఱికి గడ్డకట్టిన గుబిలి తీసిన మాత్రముననే వినికిడి వచ్చును. చీము కారుచున్నవారికి దానిని మాన్పుట ముఖ్యము. పిదప వినికిడిని కొలిచి, ఆ కొలతకు తగినట్లు యంత్రమును సవరించి, అచ్చు చేయించవలయును. అలవాటగుటకు కొన్ని వారములు పట్టును. నిశ్శబ్దమైన యింట, ఎదురుగా కూర్చున్నవారి మాటకు చక్కగా నుపకరించును. సంతలోను గాలిలోను నంతగా నుపకరింపదు. మొదటనే యీ మాట చెప్పినచో చాలమంది నిరాశతో దానిని పాఱవేయరు. నూర్పిడి యంత్రము దగ్గఱ దానిని తీసివేయవలయును. మందు చల్లునప్పుడును, స్నానమప్పుడును తీయవలయును. బ్యాటరీ మీది కాగితపు బిళ్ళ నూడదీసిన క్షణమునుండి, వాడినను వాడకున్నను, దాని శక్తి తఱుగుచుండును. ఈ చిన్న సంగతి పెద్దయ్యకు ఎవరును చెప్పలేదు; ఆయన నాలుగింటిని ఒక్కసారి యూడదీసి దాచుకొనెను!

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ప్రకటించిన నివేదిక ప్రకారము, వినికిడి లోపమునకు సాయము కావలసినవారు 43 కోట్లమంది. మంచి చెవిలో లోపము 35 డెసిబెళ్ళు దాటినవారిని ఆ సంస్థ యీ లెక్కలో చేర్చుచున్నది. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టమునం దైతే రెండు చెవులలోను 60 డెసిబెళ్ళ లోపముండవలయును. ఈ రెంటి నడుమ చిక్కిన రైతు కాటా దగ్గఱ ధర పొరపాటుగా విని నష్టపోవును, పత్రము మాత్రము పొందజాలడు. 60 ఏండ్లు దాటిన పేదలకు 2017లో ఆరంభించిన రాష్ట్రీయ వయోశ్రీ యోజన క్రింద యంత్రము లిచ్చు నేర్పాటు జరిగినది. మంచిదే. అయితే ఇచ్చిన మఱునాటినుండి దాని బాగోగు లెవరివి?

ఆ పెద్దయ్యను మేము జిల్లా ఆసుపత్రికి తోడ్కొని పోయితిమి. అచ్చు తీయించి, యంత్రమును సవరింపజేసితిమి. ఇప్పుడు సాయంకాలము మనుమలతో మాటలాడునప్పుడును, సంఘమునకు వచ్చునప్పుడును పెట్టుకొనును. పొలములో పెట్టుకొనడు, చెమటకు పాడగునని భయము. ఇది పూర్ణవిజయమని మేమనము. కాని మొన్నటి సమావేశమున తీర్మానమును రెండవమాఱు చదువుమని యడిగినవా డాయనయే.

ప్రతి సంఘమును తన సభ్యులలో యంత్రములున్నవారి పేళ్ళు వ్రాసికొని, ఆఱు నెలలకొకమాఱు ఎన్ని గంటలు వాడుచున్నారో విచారించి, పాడైనవాని నన్నింటిని కలిపి బాగుచేయించుట కష్టము గాదు. బ్యాటరీలను మొత్తముగా కొని అసలు ధరకే యీయవచ్చును. దీనికి పద్దు లేదని యొక కార్యదర్శిగారు మాతో ననిరి. గోనె సంచులు, మోకులు, ఎరువులు అమ్ము గదిలో ఒక చిన్న పెట్టెకు చోటు లేకపోదు.