రివెట్లు సరే, పట్టాల సంగతేమిటి?

నమూనా రైళ్ళు చేసేవారు నలుగురు కలిసిన చోట వినిపించే పొగడ్త ఒక్కటే: "ఎంత వివరంగా చేశారండీ!" రివెట్లు లెక్కపెడతారు. తలుపు పక్కన పట్టుకునే కమ్మీ సన్నగా కుదిరిందని మెచ్చుకుంటారు. అద్దం తుడిచే పుల్లను కూడా మరిచిపోలేదని మురిసిపోతారు. ఆ పొగడ్తను నేనూ ఒకప్పుడు చెవులారా విని పొంగిపోయినవాణ్ణే. ఇప్పుడు వింటే ఇబ్బందిగా ఉంటుంది. వివరం వేరు, కచ్చితత్వం వేరు. మొదటిదాన్ని కుప్పపోసి రెండోది లేదన్న సంగతిని కప్పిపుచ్చడం మనకు అలవాటైపోయిందని నా ఆరోపణ. ఆరోపించేవాడు ముందుగా తన తప్పు ఒప్పుకోవడం మర్యాద కనుక అక్కడి నుంచే మొదలుపెడతాను.

చాలా ఏళ్ళ కిందట డబ్ల్యు.డి.ఎం.-2 డీజిల్ ఇంజను నమూనా ఒకటి చేశాను. 1962లో అమెరికాలోని ఆల్కో సంస్థ నుంచి మన దేశానికి వచ్చి, 1964 నుంచి వారణాసిలో తయారై, మన గూడ్సు బళ్ళనూ ఎక్స్‌ప్రెస్‌లనూ దశాబ్దాల పాటు లాగిన ఇంజను అది. నేను చేసిందల్లా 1:87 నిష్పత్తిలో దొరికే ఒక అమెరికన్ ఆల్కో నమూనా కొని, దానికి బఫర్లు అతికించి, రంగు మార్చి, పక్కన కాజీపేట షెడ్డు పేరు రాయడం. మా వీధిలో ఉండే రిటైరైన డ్రైవరు గారికి గర్వంగా చూపించాను. ఆయన కళ్ళజోడు సర్దుకుని, వంగి, ఇంజనును ఎదురుగా కాసేపు చూసి అన్నారు: "రంగు మనదే బాబూ, నిలబడటం మాత్రం మనది కాదు. కాళ్ళు దగ్గర పెట్టుకుని బెదిరి నిల్చున్నట్టుంది."

ఆయన కొలబద్ద పట్టుకోలేదు. కొన్ని వేలసార్లు ఆ ఇంజనుకు ఎదురు నడిచి ఎక్కిన కళ్ళకు కొలబద్ద అక్కర్లేదు. ఆ తర్వాత పట్టుకున్నది నేను. మన బ్రాడ్ గేజి పట్టాల మధ్య దూరం 1,676 మిల్లీమీటర్లు. 1:87 నిష్పత్తిలో అది 19.3 మిల్లీమీటర్లు కావాలి. నేను వాడినవి అందరూ వాడే 16.5 మిల్లీమీటర్ల పట్టాలు. దాన్ని 87తో హెచ్చవేస్తే 1,435 వస్తుంది. అది అమెరికా, ఐరోపాల గేజి. అంటే నా ఇంజను కింద పట్టాలు 24 సెంటీమీటర్లు ఇరుకయ్యాయి. మన లెక్కలో జానెడు! జానెడు తప్పును కింద ఉంచుకుని, పైన వెంట్రుకవాసి రివెట్లు దిద్దుతూ నేను రాత్రిళ్ళు మేలుకున్నాను. మసిపూసి మారేడుకాయ చేయడమంటే ఇదే.

ఈ జబ్బు మన ఒక్కరిదే కాదు. బ్రిటన్‌లో ఇంజన్లు చిన్నవి. తొలినాటి మోటార్లు 1:87 డొక్కులో ఇమడలేదు. అందుకని డొక్కును అడుగుకు 4 మిల్లీమీటర్ల లెక్కకు పెంచి, పట్టాలను మాత్రం 16.5 దగ్గరే ఉంచేశారు. ఫలితంగా అక్కడి రైలు తన అసలు గేజి కన్నా సుమారు 18 సెంటీమీటర్లు తక్కువ వెడల్పున్న పట్టాల మీద నడుస్తోంది. మోటార్లు ఎప్పుడో చిన్నవయ్యాయి, తప్పు మాత్రం ప్రమాణమై కూర్చుంది. అది చూసి ఊరుకోలేని కొందరు 1960లలో 18.83 మిల్లీమీటర్ల గేజిని ఎంచుకుని, చక్రాలనూ పట్టాలనూ సొంతంగా సరిచేసుకున్నారు. జర్మనీలో మరో కథ. అక్కడి 26.4 మీటర్ల పెట్టె 1:87లో 303 మిల్లీమీటర్లు ఉండాలి. 360 మిల్లీమీటర్ల వ్యాసార్ధపు మలుపులో అంత పొడుగు పెట్టె తిరగడం కష్టమని, ఎత్తును 1:87లోనూ పొడవును 1:100లోనూ చేసి 264 మిల్లీమీటర్ల పెట్టెలను ఏళ్ళ తరబడి అమ్మారు. కిటికీలకు చక్కటి చట్రాలున్నాయి, లోపల సీట్లున్నాయి, పెట్టె మాత్రం పొట్టిది. కొనేవాళ్ళు పట్టుబట్టిన తర్వాతే 303 మిల్లీమీటర్లవి వచ్చాయి.

మన పెట్టెల దగ్గరికి వద్దాం. పెరంబూరు ఐ.సి.ఎఫ్. పెట్టె పొడవు 21.337 మీటర్లు. జర్మన్ నమూనాతో వచ్చిన ఎల్.హెచ్.బి. పెట్టె పొడవు 23.54 మీటర్లు. 1:87లో మొదటిది 245 మిల్లీమీటర్లు, రెండోది 271. స్లీపరు తరగతి ఐ.సి.ఎఫ్. పెట్టెలో 72 బెర్తులు, ఎల్.హెచ్.బి.లో 80. అంటే లోపల ఒక గది ఎక్కువ, దానికి తగ్గట్టు బయట కిటికీలూ ఎక్కువ. కింద చక్రాల చట్రాలు పూర్తిగా వేరు. ఇంత తేడా ఉండగా, ఒకే డొక్కుకు నీలం రంగు వేస్తే ఐ.సి.ఎఫ్., ఎరుపు వేస్తే ఎల్.హెచ్.బి. అంటే ఒప్పుకోవడమేనా? ఆ రెండు పెట్టెల్లోనూ పడుకుని ప్రయాణం చేసినవాళ్ళమే కదా మనం!

ఈ మాటంటే వచ్చే జవాబులు నాకు తెలుసు. మొదటిది, "బొమ్మేగా, అంత రాద్ధాంతం ఎందుకు?" బొమ్మే అయితే నాకు పేచీ లేదు. కొండపల్లి అంబారీ ఏనుగును ఎవరూ కొలవరు. అది ఏ ఏనుగుకూ ఇన్నో వంతునని చెప్పుకోదు. కానీ పెట్టె మీద 1:87 అని అచ్చువేసి, ఫలానా షెడ్డు, ఫలానా నంబరు అని రాసిన క్షణం నుంచి అది బొమ్మ కాదు, సాక్ష్యం. సాక్షి కొలతలకు జవాబు చెప్పాలి.

రెండోది, "రాజీ లేకుండా నమూనా రైలు నడవదు." నిజమే. చక్రం అంచు అసలు నిష్పత్తిలో చేస్తే మామూలు పట్టాల మీద నిలవదు. అసలు మలుపును అదే లెక్కన వేస్తే ఇల్లు చాలదు. ఇవి నడక కోసం చేసిన రాజీలు, వాటికి తల వంచుతాను. దొరికిన డొక్కుకు రంగు పూయడం రాజీ కాదు, బద్ధకం. రెండింటినీ ఒకే మాటతో పిలవడమే నాకు కోపం తెప్పిస్తుంది.

మూడోది, "మన గేజికి పట్టాలు ఎక్కడ దొరుకుతాయి?" దీనికి జవాబు ఇన్నేళ్ళూ మన చేతిలోనే ఉంది. మన గేజి అయిదున్నర అడుగులు. అడుగుకు 3 మిల్లీమీటర్ల చొప్పున లెక్కవేయండి. సరిగ్గా 16.5! ఏ దుకాణంలోనైనా దొరికే ఆ పట్టాలే మన బ్రాడ్ గేజికి అతికినట్టు సరిపోతాయి. మార్చవలసింది డొక్కును. 1:87కు బదులు 1:101.6. ఇది నేను కనిపెట్టిన నిష్పత్తి కూడా కాదు, 1957లో బ్రిటన్‌లో ట్రై-యాంగ్ సంస్థ ఈ లెక్కనే రైళ్ళు అమ్మింది. ఐ.సి.ఎఫ్. పెట్టె 245 మిల్లీమీటర్ల నుంచి 210కి తగ్గుతుంది, కనుక మలుపులూ తేలికవుతాయి. నష్టం ఒక్కటే: కొన్న అమెరికన్ డొక్కుకు రంగు పూసి మనదనే వీలు పోతుంది. మొదటి నుంచీ మనమే కొలిచి, కోసి, అతికించాలి. అసలు అభ్యంతరం అక్కడ ఉందని నా అనుమానం.

ఇదంతా ఎందుకంటే, అసలు బళ్ళు వెళ్ళిపోతున్నాయి. పెరంబూరులో పాత తరహా పెట్టెల తయారీ 2018 జనవరిలో ఆగిపోయింది. ఒక రోజు వస్తుంది. కిటికీ ఊచలకు నుదురు ఆనించి చీకట్లో ఊళ్ళ దీపాలు లెక్కపెట్టిన ఆ పెట్టె ఎలా ఉండేదని ఒక పిల్లవాడు అడుగుతాడు. ఫొటో రూపాన్ని చూపిస్తుంది గానీ దాని చుట్టూ తిరగనివ్వదు. చుట్టూ తిరిగి, వంగి, ఎదురుగా చూడనిచ్చేది నమూనా ఒక్కటే. అప్పుడు ఆ పిల్లవాడి చేతిలో మనం పెట్టేది జానెడు అబద్ధమా?

నా పాత ఇంజను ఇప్పటికీ అరలోనే ఉంది. దాని పక్కనుంచి కాజీపేట పేరు చెరిపేశాను. బల్ల మీద 210 మిల్లీమీటర్ల పెట్టె ఒకటి సగం తయారై ఉంది. దానికి రివెట్లు లేవు, ఊచలు లేవు, రంగు లేదు. చక్రాల మీద నిలబెట్టి ఎదురుగా చూస్తే మాత్రం మన బండిలాగే నిలబడింది. డ్రైవరు గారికి చూపించే అదృష్టం నాకు లేకపోయింది.

కాదనేవారు తప్పక కాదనండి. వచ్చేటప్పుడు కొలబద్ద తెచ్చుకోండి, అంతే.